చెవితో సరిచూసిన కాలం: ఫెయిర్ కాపీ నుంచి పి.డి.ఎఫ్. వరకు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. పే రివిజన్ కమిషన్ల చరిత్ర గాని, మన సంఘం పుట్టుపూర్వోత్తరాలు గాని వ్రాస్తానని వారు అనుకుని ఉండవచ్చు. ఆ రెండింటినీ నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన నేను 36 సంవత్సరాలు చేసిన పని మూడు ముక్కల్లో చెప్పవచ్చును. కాగితం తయారుచేయడం, దానిని సరిచూడటం, పంపడం. ఆ నడిమి పని గురించే ఈ వ్యాసం. కంప్యూటరులో పుట్టి ఫోనులో తిరిగే నేటి పత్రాలు చూపు లేనివారికి, ఇతర వికలాంగులకు అందుతున్నాయో లేదో సరిచూడటం ప్రపంచం ఎలా నేర్చుకున్నదో, మనం ఎంతవరకు నేర్చుకున్నామో చెప్పడం నా ఉద్దేశం. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని ముందుగా ఒప్పుకుని మొదలుపెడతాను.

ఒక ఫోను పిలుపు

నాలుగేళ్ల క్రితం మన యూనిట్ వాట్సాప్ గ్రూపు చూసుకునే పని నాకు అప్పగించారు. ఒకరోజు ఒక సర్క్యులరు, దానితో జతపరచిన ఫారం వచ్చాయి. నేనే వెళ్లి శుభ్రంగా స్కాన్ చేయించి, పి.డి.ఎఫ్.గా గ్రూపులో పెట్టాను. ఫారం ఇవ్వడానికి నెలాఖరు గడువు. "సభ్యులందరికీ తెలియపరచడమైనది" అని మినిట్స్ పుస్తకంలో వ్రాసుకుని నిశ్చింతగా ఉన్నాను.

గడువు దాటిన పది రోజులకు ఒక పాత సహోద్యోగి ఫోను చేశారు. ఆయన మా ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైనవారు. పుట్టుకతోనే చూపు లేదు. "అన్నగారూ, గ్రూపులో అందరూ ఫారం ఇచ్చేశాం, ఇచ్చేశాం అంటున్నారు. ఏ ఫారమండీ అది?" అని అడిగారు. "ఎప్పుడో గ్రూపులో పెట్టాను కదా, చూడలేదా?" అని నోరు జారాను. ఆయన చిన్నగా నవ్వి, "వచ్చిందండి, తెరిచాను కూడా. నా ఫోను ఒక్క మాటైనా చదవలేదు. మీరు పంపింది కాగితం కాదండి, కాగితం ఫోటో" అన్నారు.

తరువాత ఆయన ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకున్నారు. అల్లుడిని వెంటబెట్టుకుని నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగారు. పని పూర్తయ్యేసరికి అయిదు నెలలు పట్టింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఎందుకు బాధ కలిగిందో తెలియాలంటే పాత రోజులకు వెళ్లాలి.

కంపేరింగ్ రోజులు

మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డ్రాఫ్టు ఆమోదం పొంది ఫెయిర్ కాపీ సెక్షనుకు వచ్చాక, టైపిస్టు టైపు చేయగానే పని అయిపోయేది కాదు. కంపేరింగ్ జరగాలి. ఒకరు డ్రాఫ్టు పట్టుకుని పైకి చదవాలి, రెండోవారు టైపు కాగితం మీద పెన్సిలు నడుపుతూ వినాలి. మాటలే కాదు, "పారా మూడు, బ్రాకెట్ ఓపెన్, అంకెల్లో రెండు వందల నలభై, కామా, బ్రాకెట్ క్లోజ్, ఫుల్‌స్టాప్" అని విరామ చిహ్నాలతో సహా చదివేవాళ్లం. పట్టిక వస్తే "సీరియల్ నంబరు, పేరు, హోదా, మొత్తం" అని తల వరుస ముందు చదివి, తరువాత ఒక్కొక్క అడ్డువరుసా చదివేవాళ్లం. అయ్యాక ఇద్దరమూ పొడి సంతకాలు పెడితేనే కాగితం డెస్పాచికి వెళ్లేది.

ఒకసారి తొందరలో ఈ పని ఎగ్గొట్టాము. ఇంగ్లీషు మెమోలో "నాట్" అనే ఒక్క మాట స్టెన్సిల్‌లో పడలేదు. వద్దన్న ఖర్చు చేయవచ్చునని తాలూకా ఆఫీసులన్నిటికీ ఉత్తర్వు పోయింది. అప్పటికి మండలాలు రాలేదు. సూపరింటెండెంటు గారు మమ్మల్ని నిలబెట్టి, "కాగితం మీ చేతుల్లోంచి పోవడం కాదయ్యా పంపడమంటే. అవతలివాడికి మీరనుకున్నది చేరడం" అన్నారు. ఆ మాట నా సర్వీసంతా గుర్తుంది. రిటైరయ్యాకే మరచిపోయాను.

1980ల నడుమ మా ఆఫీసుకు పైన చెప్పిన టెలిఫోన్ ఆపరేటరు వచ్చారు. మధ్యాహ్నం భోజనాల వేళ కొత్త జి.వో.లు ఆయనకు చదివి వినిపించడం నాకు అలవాటైంది. నేను చదువుతుంటే ఆయన పలక, ములుకు పట్టుకుని మందపాటి కాగితం మీద టకటకా చుక్కలు పొడుచుకునేవారు. కొన్నేళ్లకు ఆయన దగ్గర బ్రెయిలీలో పెద్ద జి.వో.ల ఫైలే తయారైంది. మాకు జి.వో. నంబరు కావలసివస్తే రికార్డు రూముకు వెళ్లేవాళ్లం కాదు, ఇంటర్‌కంలో ఆయననే అడిగేవాళ్లం. అటువంటి మనిషికి, నా చేతుల మీదుగా వెళ్లిన కాగితం అందలేదు. అదీ నా బాధ.

చుక్కల నుంచి మాట్లాడే యంత్రం వరకు

ఆయన పొడిచిన చుక్కల కథ ఫ్రాన్సులో మొదలవుతుంది. 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీ మూడేళ్ల వయసులో తండ్రి పనిశాలలో ములుకు గుచ్చుకుని క్రమంగా చూపు కోల్పోయాడు. చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి చీకట్లో వేళ్లతో చదవడానికి పన్నెండు చుక్కల పద్ధతి ఒకటి తయారుచేశాడు. బ్రెయిలీ దానిని ఆరు చుక్కలకు కుదించి, పదిహేనేళ్ల వయసులో, 1824 నాటికి, తన లిపిని రూపొందించాడు. 1829లో దానిని అచ్చువేశాడు. ఆరు చుక్కలతో 63 గుర్తులు వస్తాయి. మన దేశంలో ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క బ్రెయిలీ ఉండేది. 1951లో భారతీ బ్రెయిలీ వచ్చి తెలుగుతో సహా భారతీయ భాషలకు ఒకే ఒరవడి కుదిరింది.

అయితే బ్రెయిలీలో పుస్తకం కావాలంటే ఎవరో ఒకరు దానిని బ్రెయిలీలోకి మార్చిపెట్టాలి. అచ్చు కాగితాన్ని తానే చదివి వినిపించే యంత్రాన్ని అమెరికాలో రే కర్జ్‌వైల్ 1976లో ప్రదర్శించాడు. కాగితాన్ని స్కాన్ చేసి, అక్షరాలను గుర్తుపట్టి, గొంతుతో చదివేది. దానిని మొదట కొన్నవారిలో అంధ గాయకుడు స్టీవీ వండర్ ఒకరు.

తరువాతి మెట్టు కంప్యూటరు తెర మీద ఉన్నదానిని చదివే సాఫ్ట్‌వేర్. దీనిని స్క్రీన్ రీడర్ అంటారు. మోటారు సైకిల్ పందేల మనిషి టెడ్ హెంటర్ 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. అతని సంస్థ 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను విడుదల చేసింది. అది మంచిదే గాని ఖరీదైనది, మన జీతాలకు అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే అంధ యువకుడు ఎన్.వి.డి.ఏ. అనే ఉచిత స్క్రీన్ రీడర్ పని మొదలుపెట్టాడు. అతని మిత్రుడు జేమ్స్ టే కూడా అంధుడే, అతనూ తోడయ్యాడు. దానితో పాటు వచ్చే ఈస్పీక్ అనే ఉచిత గొంతు తెలుగు కూడా చదువుతుంది. ఉచ్చారణ మరమనిషిలా ఉన్నా అర్థమవుతుంది. ఆండ్రాయిడ్ ఫోనుల్లో టాక్‌బ్యాక్ అనే పేరుతో ఇటువంటిదే ఉన్నది.

మా మిత్రుడు రిటైరయ్యాక ఇవన్నీ నేర్చుకున్నారు. అంటే ఒకరు చదివిపెడితే తప్ప జి.వో. తెలియని స్థితి నుంచి, తన అంతట తాను చదువుకునే స్థితికి వచ్చారు. అటువంటివారికి నేను ఫోటో పంపి, మళ్లీ ఒకరి దగ్గర చెయ్యి చాచవలసిన స్థితికి తెచ్చాను.

పి.డి.ఎఫ్. లోపల ఏముంటుంది?

నా తప్పు తెలిశాక ఆయన ఇంటికి వెళ్లాను. ఆయనే తన లాప్‌టాప్ తెరిచి నాకు పాఠం చెప్పారు. చూపున్నవాడికి చూపులేనివాడు కాగితం చదవడం నేర్పడం ఆ రోజు చూశాను.

పి.డి.ఎఫ్.ను అడోబీ సంస్థ 1993లో తెచ్చింది. ఏ యంత్రంలో తెరిచినా, ఎక్కడ ముద్రించినా పేజీ ఒకే రూపంలో ఉండాలన్నది దాని లక్ష్యం. అంటే అది మొదట కంటి కోసం పుట్టినది. ఈ అక్షరం పేజీలో ఫలానా చోట ఉండాలి అని అందులో వ్రాసి ఉంటుంది. ఇది శీర్షిక, ఇది పారా, ఇది పట్టికలో తల వరుస అని చెప్పేది ఏదీ మొదట్లో లేదు. 2001లో వచ్చిన 1.4 వెర్షనులో ఆ సౌకర్యం చేర్చారు. ఒక్కొక్క భాగానికి కనబడని చీటీ తగిలిస్తారు, దానిని ట్యాగ్ అంటారు. మన కంపేరింగ్ గుమాస్తా "పారా మూడు, బ్రాకెట్ ఓపెన్" అని పైకి చెప్పేవాడే, ఆ పనే ట్యాగులు చేస్తాయి. స్క్రీన్ రీడర్ వాటిని చూసి "శీర్షిక, మొదటి స్థాయి" అనీ, "పట్టిక, నాలుగు నిలువు వరుసలు" అనీ ముందు చెప్పి తరువాత చదువుతుంది.

ట్యాగులు లేకపోతే ఏమవుతుందో మిత్రుడు వినిపించారు. రెండు కాలమ్‌ల పత్రికలో ఎడమ కాలమ్ మొదటి పంక్తి తరువాత కుడి కాలమ్ మొదటి పంక్తి చదివింది. కరువు భత్యం పట్టికలో అంకెలన్నీ వరుసగా చదువుకుపోయింది గాని, ఏ అంకె ఏ తేదీదో, ఏ అంకె ఏ శాతానిదో తెలియలేదు. శీర్షికలు గుర్తించి ఉంటే మనం పేజీలు తిప్పినట్టు వారు ఒక శీర్షిక నుంచి మరొకదానికి దూకగలరు. లేకపోతే 40 పేజీల ఉత్తర్వులో 38వ పేజీలోని అనుబంధం కోసం మొదటినుంచీ వినవలసిందే.

ఇక నేను పంపిన స్కాన్ కాపీలో ట్యాగులే కాదు, అక్షరాలే లేవు. అక్షరాల బొమ్మ మాత్రమే ఉన్నది. మన కంటికి రెండూ ఒకటే. అందువల్లనే తప్పు చేసినవాడికి తప్పు కనబడదు.

సరిచూసే సాధనాలు వచ్చిన క్రమం

ఈ తప్పులను పట్టుకునే పని మొదట ఇంటర్నెట్ పేజీలతో మొదలైంది. అమెరికాలో క్యాస్ట్ అనే సంస్థ 1996లో బాబీ అనే పరీక్షా సాధనాన్ని తెచ్చింది. 1997లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దీనికోసం ప్రత్యేక విభాగం పెట్టి, 1999 మే 5న మొదటి మార్గదర్శకాలను ప్రకటించింది. వాటిలో 14 సూత్రాలు ఉన్నాయి. అవే తరువాత 2008లో 2.0గా, 2018లో 2.1గా, 2023లో 2.2గా పెరిగాయి. వాటి సారం నాలుగు మాటలు. పత్రంలోని విషయం గ్రహించడానికి వీలుగా ఉండాలి, నడపడానికి వీలుగా ఉండాలి, అర్థం కావాలి, రకరకాల సాధనాల్లో చెడకుండా తెరుచుకోవాలి. మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలన్న నియమం కూడా అందులోనిదే. శుక్లాలు వచ్చిన మనలాంటివారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. అమెరికా 1998లో చట్టాన్ని సవరించి, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటరు సమాచారం వికలాంగులకు అందాలని విధించింది.

ఆఫీసు కాగితాల వంతు తరువాత వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2010లో యాక్సెసిబిలిటీ చెకర్ అనే సౌకర్యం చేర్చారు. అక్షరదోషాలను పట్టుకున్నట్టే, బొమ్మకు వివరణ లేదనీ, పట్టికకు తల వరుస లేదనీ అది చూపుతుంది. పి.డి.ఎఫ్.ల కోసం స్విట్జర్లాండులోని ఒక ఫౌండేషన్ ప్యాక్ అనే ఉచిత సాధనాన్ని తయారుచేసింది. 2012లో అందరికీ అందే పి.డి.ఎఫ్. ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. మరుసటి ఏడు పి.డి.ఎఫ్. అసోసియేషన్ వారు మ్యాటర్‌హార్న్ ప్రోటోకాల్ అనే తనిఖీ పట్టిక ప్రకటించారు. పత్రం ఏయే విధాల తప్పవచ్చునో అందులో 136 అంశాలుగా వ్రాశారు.

ఆ 136లో 47 అంశాలు యంత్రం తేల్చలేనివి, మామూలుగా మనిషి చూడవలసినవి అని వారే చెప్పారు. ఈ అంకె నాకు బాగా నచ్చింది. బొమ్మకు వివరణ ఉన్నదా లేదా అని యంత్రం చెప్పగలదు. ఆ వివరణ నిజమా కాదా అన్నది చెప్పలేదు. జిల్లా పటం కింద "చిత్రం 1" అని వ్రాసినా యంత్రం "సరే" అంటుంది. శీర్షిక ఉన్నదని చెబుతుంది. శీర్షిక కానిదానికి శీర్షిక చీటీ తగిలించారేమో అది చెప్పలేదు. యంత్రం సున్నా తప్పులు చూపించినంత మాత్రాన పత్రం అందినట్టు కాదు. టైపు మిషను స్పెల్లింగు సరిచేసినా కంపేరింగ్ తప్పనట్టే ఇదీను.

మన తెలుగు చిక్కు

ఇంగ్లీషు వారికి లేని చిక్కు మనకు ఒకటి ఉన్నది. 1990లలో డి.టి.పి. సెంటర్లు వచ్చినప్పుడు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల అరల్లో దాచిన ఫాంట్లు వాడుకలోకి వచ్చాయి. తెర మీద "అ" కనబడుతుంది, లోపల ఉన్నది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఒక్కొక్క కంపెనీ ఫాంటుకు ఒక్కొక్క లెక్క. మనం చదివితే అచ్చ తెలుగు, స్క్రీన్ రీడర్ చదివితే అర్థంపర్థంలేని ఇంగ్లీషు ముక్కలు.

దీనికి మందు యూనికోడ్. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ శాశ్వతమైన నంబర్లిచ్చే ఈ పద్ధతిలో 1991లో వచ్చిన మొదటి వెర్షను నుంచీ తెలుగు ఉన్నది. 2001లో విండోస్ ఎక్స్.పి.తో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. అయినా అలవాటు పోదు. పాత ఫాంట్లలో కూర్చిన కరపత్రాలు, సంచికలు ఎన్నో ఏళ్లు వస్తూనే ఉన్నాయి. మన సంచిక కూడా మొన్నమొన్నటివరకు అలాగే వచ్చింది.

యూనికోడ్‌లో టైపు చేసినా ఒక ప్రమాదం మిగులుతుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిసి ఒక ఆకారమవుతాయి. పి.డి.ఎఫ్.గా మార్చే సాఫ్ట్‌వేర్ సరైనది కాకపోతే ఆ ఆకారం మాత్రమే మిగిలి, దాని వెనుక ఏ అక్షరాలున్నాయన్నది చెదిరిపోతుంది. దీనిని పట్టుకోవడానికి మిత్రుడు నాకు చెప్పిన ఉపాయం పిల్లవాడు కూడా చేయగలడు. పి.డి.ఎఫ్.లో రెండు పంక్తులు ఎంపిక చేసి, కాపీ చేసి, వేరే ఖాళీ పేజీలో అతికించాలి. తెలుగు తెలుగుగానే వస్తే అక్షరాలు ఉన్నట్టు. పిచ్చి గీతలు వచ్చినా, ఒత్తులు తారుమారైనా చెడినట్టు. అసలు ఎంపికే కాకపోతే అది బొమ్మ.

బొమ్మ నుంచి అక్షరాలను రాబట్టే సాఫ్ట్‌వేర్ తెలుగుకూ ఇప్పుడు ఉన్నది. కాని సంతకం గీత, రబ్బరు ముద్ర అక్షరం మీద పడినచోట తప్పులు వస్తాయి. మాట తప్పితే ఊహించుకోవచ్చు. రూపాయల్లో ఒక అంకె తప్పితే పెన్షనరు నష్టపోతాడు. కనుక దానినీ మనిషి సరిచూడవలసిందే.

చట్టం ఎక్కడికి వచ్చింది

మన దేశంలో 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ అందులోనిదని మనకందరికీ తెలుసు. 2006లో ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది, 2007లో మన దేశం దానిని ధ్రువీకరించింది. సమాచారం అందుబాటులో ఉండటం అందులో హక్కుగా చెప్పబడింది. 2009లో భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు వెలువడ్డాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. గుర్తించిన వైకల్యాలు 7 నుంచి 21 అయ్యాయి, రిజర్వేషన్ 4 శాతమైంది. మన విషయానికి ముఖ్యమైనది 42వ సెక్షన్. అచ్చు, శ్రవ్య, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని విషయమంతా అందుబాటు రూపంలో ఉండాలని అది చెబుతుంది. 2017 నిబంధనల్లో 15వది ఇంకా స్పష్టంగా చెప్పింది. వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈపబ్ రూపంలో గాని, అక్షరాలు గుర్తించిన పి.డి.ఎఫ్. రూపంలో గాని ఉండాలి. అంటే నేను పంపినటువంటి ఉత్త ఫోటో పనికిరాదన్నమాట. 2021, 2022 సంవత్సరాల్లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 17802 అనే ప్రమాణాన్ని రెండు భాగాలుగా వెలువరించింది.

చట్టం ఉన్నా అమలు ఎలా ఉన్నదన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. రాజీవ్ రాతూరి అనే చూపులేని వ్యక్తి 2005లో వేసిన కేసులో, వాస్తవ పరిస్థితి పరిశీలించి నివేదిక ఇవ్వమని కోర్టు మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదికను పరిశీలించి 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. 15వ నిబంధన ఉత్త సలహాల మాదిరిగా ఉన్నదనీ, చట్టమేమో తప్పనిసరి అంటున్నదనీ, అది మాతృ చట్టానికి విరుద్ధమనీ తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలను విడిగా రూపొందించడానికి కేంద్ర ప్రభుత్వానికి మూడు నెలల గడువిచ్చింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఉత్తర్వుల భాష తెలిసినవాళ్లం గనుక "చేయవచ్చును"కూ "చేయవలెను"కూ ఉన్న తేడా మనకు వేరే చెప్పనక్కరలేదు.

మన యూనిట్‌లో ఇప్పుడు చేస్తున్నది

ఆ ఫోను పిలుపు తరువాత మన యూనిట్‌లో కంపేరింగ్ పద్ధతిని మళ్లీ మొదలుపెట్టాము. ఇతర యూనిట్లకు ఉపయోగపడునని ఇక్కడ ఇస్తున్నాను.

1. పై ఆఫీసు నుంచి స్కాన్ కాపీ వస్తే, టైపు చేసిన అసలు ఫైలు ఉంటే ఇమ్మని అడుగుతాము. సంతకం ఉన్న కాగితం కావాలి గదా అంటే, రెండూ కలిపి పంపమంటాము. డిజిటల్ సంతకానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమే గుర్తింపు ఇచ్చింది.

2. అసలు ఫైలు దొరకకపోతే, కనీసం సారాంశం, గడువు తేదీ, ఫారంలోని ప్రశ్నలు మామూలు మెసేజిగా టైపు చేసి పెడతాము. దానిని ఏ ఫోనైనా చదువుతుంది.

3. మేము తయారుచేసే ప్రతి పత్రాన్నీ యూనికోడ్‌లోనే టైపు చేసి, కాపీ చేసి అతికించే పరీక్ష చేస్తాము.

4. శీర్షికను లావు అక్షరాలు చేసి ఊరుకోకుండా, వర్డ్‌లో హెడింగ్ అని గుర్తు పెడతాము. పట్టికకు తల వరుస గుర్తిస్తాము. ఖాళీలు నొక్కుతూ పట్టికలాగా పేర్చడం మానేశాము.

5. ఫోటో ఉంటే అందులో ఏమున్నదో ఒక వాక్యం వ్రాస్తాము.

6. "ఎర్ర రంగులో ఉన్న పేర్లవారు చందా బకాయి" వంటివి వ్రాయము. రంగు తెలియనివారికి అది అందదు. పేరు పక్కన "బకాయి" అని వ్రాస్తాము.

7. చెకర్ నడిపి, అది చూపినవి సరిచేస్తాము.

8. చివరగా పత్రాన్ని మిత్రునికి పంపుతాము. ఆయన స్క్రీన్ రీడర్‌తో వింటారు, నేను కాగితం పట్టుకుని చూస్తాను. తేడా వస్తే ఆపుతాము.

ఎనిమిదవది చేస్తున్నప్పుడల్లా నాకు పాత ఫెయిర్ కాపీ సెక్షనే గుర్తుకు వస్తుంది. ఒకరు చదవడం, ఒకరు వినడం. ఇప్పుడు చదివేది యంత్రం, వినేది ఆయన. మొదటిసారి ఆయన మన చందాదారుల జాబితా విని, "అన్నగారూ, పదిహేడో పేరు రెండుసార్లు పడిందండీ" అన్నారు. మా ముగ్గురు కళ్లున్నవాళ్లం అంతకుముందు చూసి సరే అన్న జాబితా అది.

ఒక మనవి

ఇది ఏ కొద్దిమందికో చేసే ఉపకారమని దయచేసి అనుకోవద్దు. మనలో శుక్లాల ఆపరేషను కానివారు తక్కువ. మధుమేహంతో చూపు మందగించినవారున్నారు. చేతులు వణికి చిన్న గళ్లలో వేలు పెట్టలేనివారున్నారు. చెవి మందగించి వీడియోలో మాటలు అందనివారున్నారు, వారికి మాటలు తెర కింద అక్షరాల్లో రావాలి. ఈ రోజు మిత్రుని కోసం సరిచూసిన కాగితమే రేపు నాకు అక్కరకు వస్తుంది.

ఈ మధ్య ఒక ఫారం వచ్చినప్పుడు, పైన చెప్పినట్లు అన్నీ చేసి గ్రూపులో పెట్టాను. ఇరవై నిమిషాల్లో మొదట పూర్తిచేసి పంపినది మిత్రుడే. కింద ఒక్క ముక్క వ్రాశారు: "అందినది. సరిచూసుకున్నాను." మా ఆఫీసులో ఎన్నో వేల కాగితాలకు రశీదు పుచ్చుకున్నాను గాని, ఇంత తృప్తినిచ్చిన రశీదు నాకు గుర్తులేదు.

మీ యూనిట్ నుంచి వెళ్లే తరువాతి కాగితాన్ని పంపే ముందు, ఒక్కసారి కళ్లు మూసుకుని ఫోను చేత చదివించుకుని వినవలసినదిగా సభ్యులందరికీ నా మనవి.